మా ఇంటి శత్రువు కొండప్ప నాయుడు

పక్క ఊరిలో ఎవరో చీనీ చెట్లు కొట్టేసి కాలుస్తున్నారు. పొద్దున తలుపు తీయగానే ఆ పొగ వాసన ఇంట్లోకి వచ్చింది. చీనీ అంటే బత్తాయి. ఆ కట్టె పొగలో ఒక రకమైన చేదు ఉంటుంది. పండు తొక్క గిల్లినప్పుడు వేలికి అంటుకునే వాసన, దాని వెనక మాడిన బెల్లం లాంటిది ఇంకేదో. అనంతపురం వైపు బతికేవాళ్లకు ఆ వాసన తగిలితే ఎవరిదో బోరు ఎండిందని అర్థం. ఏళ్ల తరబడి నీళ్లు కట్టి పెంచిన చెట్లను ఎవరూ సరదాకు కాల్చరు. వాకిట్లో నిలబడి పొగ ఏ దిక్కునుంచి వస్తున్నదో కాసేపు చూశాను. లోపలికి వచ్చి కాఫీ పెట్టుకున్నాను గాని తాగబుద్ధి కాలేదు. ఆ వాసన వచ్చినప్పుడల్లా నాకు కొండప్ప నాయుడు గుర్తుకు వస్తాడు. ఆయన పోయి కొన్నేళ్లయింది. ఆయనను ఎరగనివాళ్లకు ఆయన ఎవరో చెప్పాలంటే ఒక్క మాట చాలు: మా శత్రువు. కాని ఆ మాటను ఇప్పుడు జనం వేరే అర్థంలో వాడుతున్నారు కనుక మొదటినుంచి చెప్పాలి.

మా ఇంటిపేరు దళవాయి. ఇంటిపేరు కాకముందు అది ఒక కొలువు. దళవాయి అంటే దండు నడిపేవాడు. విజయనగరం పాడుబడి, రాజులు పెనుకొండకూ అక్కడినుంచి చంద్రగిరికీ జరిగిపోయిన కాలంలో మా ఊరి కొండమీద ఒక చిన్న కోట ఉండేది. మా పూర్వీకుడు రంగప్ప దానికి దళవాయి. అప్పటి రాజు చనిపోయాడు. చనిపోతూ ఆయన చూపించిన వారసుడు ఉండగానే, అంతఃపురంలో ఇంకొక వర్గం వేరే పిల్లవాణ్ణి గద్దె ఎక్కించింది. రాజ్యం రెండుగా చీలింది. ప్రతి కోటకూ రెండు పక్షాల మనుషులూ వచ్చి వీడెం పెట్టారు. వీడెం అంటే తాంబూలమే. దాన్ని ఎత్తుకుంటే ఆ పక్షాన కత్తి పట్టడానికి ఒప్పుకున్నట్టు. రంగప్ప అసలు వారసుడి వీడెం ఎత్తుకున్నాడు. ఆయనతో పాటు పెరిగి, అదే కోటలో ఆయన పక్కన నిలబడిన తిమ్మప్ప రెండో వీడెం ఎత్తుకున్నాడు. దండు కదిలే ముందు రంగప్ప కడసారిగా తిమ్మప్ప వాకిలికి పోయి మనసు మార్చుకోమని అడిగాడట. తిమ్మప్ప భార్య ఎప్పటిలాగే చెంబుతో నీళ్లు తెచ్చి ఇచ్చింది. రంగప్ప ఆ నీళ్లు గడపమీద పోసి, రాజద్రోహి ఇంట్లో ఇచ్చే నీళ్లు తానూ ముట్టను, తన వంశమూ ముట్టదని ఒట్టు పెట్టుకుని వచ్చేశాడు. కొండప్ప నాయుడు ఆ తిమ్మప్ప వంశంవాడు.

“రాజు పక్షమే గెలిచింది.” ఈ వాక్యం మా నాయన ఎప్పుడూ గట్టిగా చెప్పేవాడు. తరువాతి వాక్యాలకు గొంతు తగ్గేది. దండులో పోయినవాళ్లలో ఊరికి తిరిగి వచ్చింది పిడికెడుమంది. రంగప్ప కుడిచేయి పనికిరాకుండా పోయింది. కోట గోడ నిలబెట్టడానికీ, చచ్చినవాళ్ల ఇళ్లకూ ఏదైనా చేయమని ఆయన కొత్త రాజుకు కబురు పంపాడు. జవాబు రాలేదు. మళ్లీ పంపాడు. రాజుకు అవతల వేరే యుద్ధాలు. రంగప్ప కోట వాకిట్లో కూర్చుని జవాబు కోసం చూస్తూ ముసలివాడై పోయాడు. ఓడిన తిమ్మప్ప మాత్రం మీసం తీసేసి, గెలిచిన రాజు మనుషులకు దండం పెట్టి, తన పొలం నిలుపుకున్నాడు. మేము గెలిచి పోగొట్టుకున్నాము, వాళ్లు ఓడి నిలుపుకున్నారు. “రాజు మరిచిపోవచ్చును, దళవాయి మరిచిపోగూడదు” అనేవాడు నాయన. మా ఇంట్లో పిల్లలకు నేర్పే మొదటి మాట అదే. నాకు ఊహ తెలిసేసరికి కొండమీద ఒక గోడ, ఊళ్లో పైకప్పు సగం ఉన్న ఇల్లు, వాగు అవతల నాయన వేసిన చీనీ తోట మిగిలాయి. ఇల్లు ఎంత కూలినా నాయన వంగి నడవగా నేను చూడలేదు. వాన నీళ్లు కారే గదిలో కూడా నిటారుగానే కూర్చునేవాడు.

శత్రుత్వానికి మా రెండు ఇళ్లలోనూ పద్ధతులు ఉండేవి. వాళ్ల ఇంట్లో మేము నీళ్లు ముట్టము, వాళ్ల అరుగు మీద కూర్చోము. మా ఊళ్లో అందరూ అందరికీ మామో అత్తో అన్నో అవుతారు. మా రెండు ఇళ్ల మధ్య మాత్రం ఏ వరసా లేదు. అన్నిటికన్నా వింత పద్ధతి ఒకటి ఉండేది. దళవాయి వీధిలో పోతుంటే తిమ్మప్ప వంశంవాడు లేచి నిలబడాలి. అది ఓడినవాడి మర్యాద. వాడు మళ్లీ కూర్చునేదాకా దళవాయి కదలకూడదు. అది గెలిచినవాడి మర్యాద. నాయన రోజూ బస్సు ఆగేచోటికి టీ కోసం పోయేవాడు. దారిలో అరుగు మీద కొండప్ప నాయుడు. ఇద్దరికీ మోకాళ్ల నొప్పులు. ఆయన గోడ పట్టుకుని లేచేవాడు, నాయన కర్రమీద బరువేసి నిలబడేవాడు, ఆయన మూలుగుతూ కూర్చునేవాడు, నాయన కదిలేవాడు. తిరిగి వచ్చేటప్పుడు మళ్లీ అంతా. “ఇద్దురూ ఒకరినొకరు చంపుకుంటాండారు, కత్తి లేకుండా” అని మా తోటలో పనిచేసే ఓబులేసు నవ్వేవాడు.

నాయన పోయేనాటికి నేను భర్తను పోగొట్టుకుని హిందూపురంలో బడిలో చదువు చెబుతున్నాను. కర్మలు అయిన మరునాడు తోటకు పోతే, గట్టు అవతల కొండప్ప నాయుడు నిలబడి ఉన్నాడు. పొడుగాటి మనిషి, నెత్తికి ఎర్ర తువ్వాలు చుట్టుకుని ఉన్నాడు. మా తోటకూ ఆయన పొలానికీ మధ్య ఒకటే గట్టు.

“ఇంగ మీ పక్షాన నిలబడేది ఎవురు?” అన్నాడు. పలకరింపు లేదు, పరామర్శ లేదు.

“నేనే.”

“ఆడమనిషివి.”

“దళవాయి మగోడే కావాలని రాజు చెప్పినాడా?”

ఆయన నన్ను పైనుంచి కిందికి చూశాడు. తరువాత తువ్వాలు విప్పి, దులిపి, మళ్లీ సరిగ్గా చుట్టుకున్నాడు. “సరే. రేపట్నించి నువ్వు పొయ్యేటప్పుడు నేను లేస్తా. అయితే ఒగ మాట. మోకాళ్లు పనిచేయడం లేదు. మీ నాయన మాదిరి ఉన్నట్టుండి రావద్దు. వీధి మొదట్లో దగ్గు.”

నేను నవ్వలేదు. ఆ రోజు నవ్వే స్థితిలో లేను. కాని నాయన పోయిన తరువాత ఊరిలో అందరూ జాలిగా మాట్లాడుతుంటే, నన్ను నిలబడిన మనిషిగా చూసి మాట్లాడింది ఆయన ఒక్కడే. హిందూపురం ఉద్యోగం వదిలి తోట చూసుకోవాలనే నిర్ణయం నేను ఆ గట్టు దగ్గరే తీసుకున్నానని ఇప్పుడు అనుకుంటాను.

ఆ ఏడాది దసరాకు నేను మొదటిసారి వీడెం ఎత్తాను. ఇదీ పాత పద్ధతే. విజయదశమి పొద్దున రెండు ఇళ్లవాళ్లూ గట్టు దగ్గరికి వస్తారు. వాళ్లు గట్టు రాయిమీద రెండాకులు, ఒక వక్క పెట్టి “పక్షం ఉందా, పోయిందా?” అని అడుగుతారు. మేము ఎత్తుకుని “ఉంది” అంటాము. ఎత్తకపోతే ఓడినట్టు. అంతే, ఎవరి పనికి వాళ్లు పోతాము. నేను పట్నంలో ఉండి వచ్చినదాన్ని. చుట్టూ పొలాలవాళ్లు పదిమంది చేరి చూస్తుంటే నాకు సిగ్గుగా అనిపించి, ఆకులు ఎత్తుతూ నవ్వేశాను. జనం పోయాక కొండప్ప నాయుడు నన్ను ఆపాడు.

“ఏల నవ్వితివి?”

“ఏం చేయమంటారు నాయుడుగారూ? మీరూ రైతే, నేనూ రైతే. రాజూ లేడు, రాజ్యమూ లేదు. ఇది ఆట కాదా?”

“ఆటే. ఆట అయితే సరిగ్గా ఆడొద్దని ఎవురు చెప్పినారు?” ఆయన గట్టురాయి మీద కాలు పెట్టుకుని నిలబడ్డాడు. “మీ రంగప్పకు ఆ రాజు ఒగ మాట పంపిచ్చినాడా? లేదు. బడి పుస్తకంలో పేరుండాదా? లేదు. నువ్వు చదువు చెప్పినదానివి, నువ్వు చూసుండవు. కొండ మీద గోడ చూసి పిల్లోళ్లు దయ్యాలు కట్టినాయంటారు. అట్లాంటోడు ఒగడు ఉన్యాడు, రాజు పక్షాన నిలబడినాడు, మమ్మల్ని ఓడగొట్టినాడు అని ఈ భూమ్మీద చెప్పేది ఎవురు? మీరు చెప్పుకుంటే గొప్పలంటారు. మేము చెప్తే సాక్ష్యం. శత్రువు కన్నా గట్టి సాక్షి యాడుంటాడమ్మా?”

ఆయన కాలు దించి, “వచ్చే దసరాకు నవ్వొద్దు. నవ్వితే నలుగురూ రాజీ అయిందనుకుంటారు. అంతటితో మీ రంగప్పా పోతాడు, మా తిమ్మప్పా పోతాడు” అని తన పొలంలోకి వెళ్లిపోయాడు. బడిలో ఎన్నో ఏళ్లు చరిత్ర పాఠాలు చెప్పాను. ఎవరి మాట ఎందుకు నిలుస్తుందో నాకు ఇంత సూటిగా ఎవరూ చెప్పలేదు.

తరువాత ఆ కరువు వచ్చింది. మాకు కరువు వార్త కాదు, అందువల్ల దానికి పేరు పెట్టను. వరసగా వానలు ఎగగొట్టాయి. వేరుశనగ వేసినవాళ్లు వేసినచోటే వదిలేశారు. మా బోరు ముందు గంటకోసారి ఆగి ఆగి పోసింది, తరువాత గాలి కొట్టింది. ఇంకొకటి వేయించాను, తెల్లటి రాతిపొడి ఎగిరి చెట్లమీద పడింది తప్ప తడి తగలలేదు. గోరంట్లనుంచి ట్యాంకరు తెప్పించి చెట్టుకు రెండు బిందెలు పోయించాను. ట్యాంకర్లకూ నీళ్లు దొరకడం ఆగిపోయింది. చీనీ ఆకులు దొప్పల మాదిరి ముడుచుకున్నాయి. గోలీలంత కాయలు పచ్చిగానే రాలాయి. తోట పోతే ఆ ఊళ్లో నేను ఉండడానికి కారణం లేదు. నేను పోతే దళవాయి అనే పేరుకు అక్కడ మనిషి లేడు. ఎండిన చెట్ల మధ్య నిలబడి రోజూ ఇదే లెక్క వేసుకునేదాన్ని.

కొండప్ప నాయుడి బోరు వాగు పక్కన ఉండేది, అది ఆగలేదు. గట్టు అవతలే ఆయన కాలువ. నీళ్లు పారే చప్పుడు మా తోటలోకి వినిపించేది. ఆయన ఒకరోజు గట్టు దగ్గరికి వచ్చాడు.

“ఏమ్మా దళవాయీ, చెట్లకు ఏం తాపుతాండావు, పౌరుషమా?”

“మా చెట్ల సంగతి మీకెందుకు?”

“నాకెందుకా? తోట ఎండితే నువ్వు హిందూపురం బస్సెక్కుతావు. ఈ వయసులో నాకు కొత్త శత్రువు యాడ దొరుకుతాడు?”

“మీ నీళ్లు మేము ముట్టము. మీకు తెలుసు.”

“ఇస్తానని నేను అంటినా? నువ్వు అడగవు, నేను ఇయ్యను. అయితే ఒగటి చెప్పు. మీ రంగప్ప ఏమని ఒట్టు పెట్టుకున్యాడు? మా ఇంట్లో ఇచ్చే నీళ్లు ముట్టనన్యాడు. గెల్చుకున్న నీళ్లు ముట్టనన్యాడా? అంత దూరం దండు నడిపినోడు, దోవలో శత్రువుల బావులు కొల్లగొట్టకుండా ఎండకు నాలిక పీక్కుని పోయినాడా?”

ఆయన ఏం చెబుతున్నాడో నాకు అప్పుడే అర్థమైంది. అర్థమైనందుకే కోపం వచ్చింది. “జాలికి తలపాగా చుట్టి తెచ్చినారు నాయుడుగారూ. తలపాగా చుట్టినా జాలి జాలే.”

ఆయన ముఖం నల్లబడింది. “నీకు నీ ముక్కు తప్ప ఏమీ కనపడదు” అని వెళ్లిపోయాడు. ఆ తరువాత కొద్దిరోజులు గట్టు వైపు రాలేదు. అరుగు మీదనుంచి లేచేటప్పుడు కూడా నా వైపు చూడలేదు. మా తోటలో పడమటి వరస పూర్తిగా పోయింది. ఓబులేసు ఒక కొమ్మ విరిచి చూపించాడు. లోపల పచ్చదనం లేదు, ఎండిన చప్పుడు వచ్చింది. “అమ్మా, ఈ వారం గడిస్తే తక్కినవీ ఇంతే. గొడ్డలి నేను పట్టను. వేరే వాళ్లను చూసుకో” అన్నాడు.

మరునాడు పొద్దున తోటకు పోయేసరికి గట్టురాయి మీద రెండాకులు, ఒక వక్క ఉన్నాయి. దసరా ఎంతో దూరం ఉంది. రాయికి అవతల కొండప్ప నాయుడు ఉతికిన పంచె కట్టుకుని, చేతికర్రతో నిలబడి ఉన్నాడు. “పక్షం ఉందా, పోయిందా?” అని అడిగాడు. ఎత్తకపోతే ఒట్టు నిలుస్తుంది, పక్షం పోతుంది. ఎత్తితే యుద్ధానికి ఒప్పుకున్నట్టు. ఏ రకంగానూ నన్ను తప్పించుకోనివ్వకుండా ఆయన ఆ కొద్దిరోజులూ ఆలోచించి ఉంటాడు. అది జాలి పడేవాడు చేసే పని కాదు. అంత కష్టపడి నా ముందు నిలబడిన మనిషిని దాటిపోవడం నాకు చేతకాలేదు. ఆకులు ఎత్తుకున్నాను.

“ఉంది.”

“అయితే రా” అన్నాడు ఆయన. “అయ్యో, ఉండు. కరెంటు లేదు.”

మా పొలాలకు త్రీఫేజు కరెంటు వంతుల ప్రకారం వస్తుంది. ఆ రోజు వంతు ఆలస్యమైంది. కాబట్టి యుద్ధం ఆగింది. ఆయన గట్టుకు అటు, నేను ఇటు, నా వెనక పార పట్టుకుని ఓబులేసు, అందరమూ మోటారు షెడ్డు వైపు చూస్తూ కూర్చున్నాము. ఆయన భార్య ఇంటినుంచి సంగటి గిన్నె తెచ్చి, మమ్మల్ని చూసి, “ఇంగా మొదలు కాలేదా?” అని అడిగింది. “కరెంటోళ్లు ఏ పక్షమో తెలియడంలేదు” అన్నాడు ఆయన. ఓబులేసు నవ్వాపుకోలేక అటు తిరిగాడు. నేను మాత్రం నవ్వలేదు.

మోటారు మోగింది. నీళ్లు తొట్టిలో పడి, తొట్టి నిండి, కాలువలోకి వచ్చాయి. కొండప్ప నాయుడు లేచి, కాలువ మలుపులో, మా వైపు తెగగొట్టాల్సిన చోట, కర్ర అడ్డం పట్టుకుని నిలబడ్డాడు. నేను ఓబులేసు చేతిలోంచి పార తీసుకుని గట్టు దాటాను. మా ఇంటివాళ్లు ఆ గట్టు దాటడం నేను వినలేదు, చూడలేదు.

“పక్కకు జరగండి” అన్నాను.

“జరగను.”

“నాయుడుగారూ.”

“దండు నడిపినోడి మనవరాలివి, శత్రువును బతిమాలుకుంటాండావా? తొయ్యి.”

నేను చెయ్యి చాచి ఆయన భుజం మీద పెట్టాను. చొక్కా కింద ఎముకే తగిలింది. అంత పొడుగు మనిషిలో కండ లేదని అప్పుడే తెలిసింది. నేను తోశానో లేదో నాకే తెలియదు. ఆయన కర్ర వదిలేసి, మోకాలు మీద చెయ్యి ఆనించి, జాగ్రత్తగా, మెల్లగా మట్టిలో కూర్చున్నాడు. కూర్చుని, చుట్టుపక్కల పొలాలన్నిటికీ వినపడేట్టు అరిచాడు: “పడిపోయినానప్పా! చూడండి, కొండప్ప నాయుడు పడిపోయినాడు! దళవాయి నీళ్లు కొల్లగొడ్తాండాది!”

నేను కాలువ కట్ట తెగ్గొట్టాను. నీళ్లు మా వైపు తిరిగాయి. మొదటి పాదు ఎంతసేపటికీ నిండలేదు. నేల అంత దాహంగా ఉంది. ఆయన మట్టిలో కూర్చునే, “ఆ పక్క కట్ట గట్టిగా తొక్కు, సగం నీళ్లు దోవలోనే పోతాండాయి” అని చెప్పాడు. నేను వెనక్కి తిరిగి చూడకుండా తొక్కాను.

ఆ వేసవి అంతా, కరెంటు వంతు వచ్చినప్పుడల్లా యుద్ధం జరిగింది. మొదట్లో చూడడానికి జనం వచ్చారు, తరువాత మానేశారు. మాకిద్దరికీ అది అలవాటైపోయిన పనిలాగా, పాలు పిండడంలాగా తయారైంది. ఆయన ఆరోగ్యం తగ్గుతూ వచ్చింది. “ఈ పొద్దు నిలబడలేను దళవాయీ. కూచునే అడ్డం పడతా. పడినట్టే అనుకో” అనేవాడు. నేను మాత్రం ప్రతిసారీ వంగి భుజం మీద చెయ్యి పెట్టేదాన్ని. అది లేకుండా కట్ట తెగ్గొట్టడానికి మనసు ఒప్పేది కాదు. పడమటి వరస కాక ఇంకా కొన్ని పోయాయి. తక్కిన తోట బతికింది.

ఒకరోజు పాదులు నిండుతుండగా ఆయనను అడిగాను, మొదటిరోజు ఎందుకంత గట్టిగా అరిచారని.

“మా వంశానికి బాగా తెలిసింది ఓడడమే. ఓడినప్పుడు నలుగురికీ వినపడేటట్ల చెప్పల్ల. లోపల పెట్టుకుంటే కుళ్లుతాది. తిమ్మప్ప మీసం తీసి దండం పెట్టినాడు, మర్నాడు పొలం దున్నను మడక కట్టినాడు. మీ రంగప్ప గెలిచి, కోట వాకిట్లో కూచుని, రాని మాట కోసం చూసి చూసి పాయె.”

“ఎదురుచూడడం తప్పంటారా?” నా గొంతు లేచింది.

“తప్పంటినా? ఆయప్ప గొప్పోడు. అలిసిపోయినాడు అంటాండా. మీ నాయనా అంతే. నువ్వూ అంతే. చూస్తాంటే నాకే ఆయాసం వస్తాది.”

మా ఇంటివాళ్ల గురించి అంత మర్యాదగా, అంత నిజంగా ఎవరూ మాట్లాడగా వినలేదు. నిటారుగా నిలబడడం నాయన నేర్పాడు. నిలబడి నిలబడి మనిషికి ఏమవుతుందో చూసి చెప్పింది ఈయన.

కొండప్ప నాయుడు మరుసటి ఎండాకాలంలో పోయాడు. శత్రువు చనిపోతే దళవాయి ఆ ఇంటికి పోకూడదు. గట్టుమీద నిలబడి, అవతల చితి పొగ లేచి తగ్గేదాకా నీళ్లు ముట్టకుండా ఉండాలి. అలాగే ఉన్నాను. నా పక్కన ఓబులేసు కాసేపు నిలబడి, నీడలోకి పోయి కూర్చుని, మళ్లీ వచ్చి నిలబడ్డాడు. ఆ దసరాకు ఉతికిన చీర కట్టుకుని గట్టు దగ్గరికి పోయాను. రాయి మీద ఏమీ లేదు. పొద్దెక్కేదాకా చూసి వచ్చేశాను.

ఆయన కొడుకు సురేంద్ర హిందూపురంలో పైపులు, మోటార్లు అమ్మే కొట్టు నడుపుతాడు. మెత్తటివాడు, ఎవరికీ కీడు చేయడు. ఆ ఏడాదీ వానలు రాలేదు. మా చెట్లు మళ్లీ ఆకులు ముడవడం మొదలుపెట్టాయి. ఒక మధ్యాహ్నం అతను బండి మీద మా ఇంటికి వచ్చాడు. వాళ్ల ఇంటివాడు మా వాకిట్లోకి రావడం అదే మొదటిసారి. అతనికి ఆ సంగతి తెలియదు.

“అక్కా, నీ తోట చూస్తే కడుపు తరుక్కుపోతాండాది. మా బోరునించి నీకు పైపు వేయిస్తా. అంగట్లో పైపులు ఉండాయి. నీకు ఎప్పుడు కావల్లంటే అప్పుడు తిప్పుకో” అన్నాడు. ఆ ఇంటినుంచి నన్ను వరస పెట్టి పిలిచిన మొదటి మనిషి అతను.

“దసరాకు ఎందుకు రాలేదు సురేంద్రా?”

అతను అర్థం కానట్టు చూశాడు. “అంగట్లో పూజ ఉండె. ఓ, ఆ ఆకులా? నాయన ఏంటికి పెడతాండెనో నాకు సరిగ్గా తెలీదక్కా. మీ ఇద్దరి సరదా అనుకుంటి.”

నేను చెప్పాలనుకున్నాను. నువ్వు కాలువ దగ్గర నిలబడాలి, నేను తొయ్యాలి, నువ్వు పడిపోయానని అరవాలి అని. అతని ముఖం చూశాను. పొద్దున చీకటితో బయలుదేరి హిందూపురం పోయి, పొద్దు మునిగాక వస్తాడు. షుగరు మాత్రలు జేబులోనే పెట్టుకుని తిరుగుతాడు. కళ్ల కింద నలుపు. “నాకు ఎవురితోనూ పేచీ వద్దక్కా. ఓపిక లేదు. నీళ్లుండాయి, చెట్లు ఎండుతాండాయి. ఇందులో ఆలోచించేది ఏముండాది?” అన్నాడు. తండ్రి తన చివరి బలమంతా ఖర్చుపెట్టి ఆ నీళ్లను నేను ముట్టదగినవిగా చేశాడు. ఆ పని కొడుకును అడిగే హక్కు నాకు లేదు. ఆ ఒట్టు అతను పెట్టుకున్నది కాదు, అతని ఎదుట పెట్టుకున్నదీ కాదు. రెండు వైపులా మోసేవాళ్లు ఉన్నంతకాలమే అది నిలబడింది. ఇప్పుడు ఒక కొన నేలమీద పడి ఉంది. ఇక చెట్లు మిగలాలి, లేదా ఒట్టు మిగలాలి. కొన్ని రోజులు ఆలోచించాను. పాదు పాదు దగ్గరా ఆగాను. రంగప్ప అయితే ఒట్టు పట్టుకుని కూర్చునేవాడు. నాయన కూడా. వాళ్లిద్దరి వెనక మూడోదాన్నిగా కూర్చునే ఓపిక నాలో వెతికాను, కనపడలేదు.

పైపు కోసం మట్టి తవ్వేరోజు సురేంద్ర అంగడి మూసి వచ్చాడు. నలుగురు కూలీలు, ఓబులేసు ఉన్నారు. గట్టు తెగ్గొట్టడానికి మొదటి గడ్డపార ఎత్తగానే నేను ఆగమన్నాను. గట్టు ఎక్కి నిలబడి, చుట్టుపక్కల పొలాలకు వినపడేట్టు అన్నాను:

“ఓడినానప్పా! దళవాయి ఓడిపోయినాది!”

గొంతు అనుకున్నదానికన్నా పెద్దగా వచ్చింది. వాగు అవతల మేకలు కాస్తున్న మనిషి తల ఎత్తి చూశాడు. కూలీలు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. సురేంద్ర కంగారుగా దగ్గరికి వచ్చి, “ఏమైందక్కా? నేనేమన్నా తప్పుగా చేసినానా?” అన్నాడు.

“ఏమీ లేదు. తవ్వండి” అన్నాను. ఓబులేసు నాకు వీపు తిప్పి నిలబడి, భుజం మీది తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. నాకు మటుకు నాయన పోయిన తరువాత మొదటిసారి ఒళ్లు కాస్త తేలికగా అనిపించింది. సంతోషం కాదు. చాలాసేపు నిలబడినవాళ్లకు కూర్చున్నప్పుడు కాళ్లలో కలిగేటటువంటిది. నీళ్లు వచ్చాయి. చెట్లు బతికాయి. రాజు పక్షాన మా ఇంటివాళ్లు నాలుగు వందల ఏళ్లు నిలిచిన నిలబాటు ఒక మామూలు మధ్యాహ్నం, ఓబులేసుకు తప్ప ఎవరికీ అర్థం కాకుండా అయిపోయింది.

కొండమీది గోడ చూడడానికి ఇప్పుడు అప్పుడప్పుడు కుర్రవాళ్లు బండ్లమీద వస్తారు, ఫోటోలు తీసుకుంటారు, అది ఎవరిదని నన్ను అడుగుతారు. చెబుతాను. రంగప్ప ఎవరో, తిమ్మప్ప ఎవరో, ఇద్దరూ ఎందుకు విడిపోయారో. వినేవాళ్లకు ఓపిక ఉంటే రెండు పక్షాలూ చెబుతాను. ఓపిక లేదని తెలిస్తే తిమ్మప్ప గురించి మాత్రమే చెబుతాను. ఓడిపోయి, ఓడిపోయానని అందరి ఎదుటా ఒప్పుకుని, మర్నాడు నాగలి కట్టినవాడని. మా పక్షం చెప్పడానికి చాలాకాలం గట్టు అవతల ఒక మనిషి ఉండేవాడు. వాళ్ల పక్షం చెప్పడానికి ఇప్పుడు నేనొక్కదాన్నే ఉన్నాను.